బ్రేకు పట్టని పాత బండి: నట్టు బిగిస్తే పోయే లోపం ఏది, పోనిది ఏది

నల్లగొండలో నేను కొన్న మొదటి పాత బండికి ఏపీ 24 నంబరు పలక ఉండేది. అమ్మిన మనిషి దాన్ని డబుల్ స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పి, కాలి బ్రేకు తొక్కాడు. చక్రం టక్కున ఆగింది. "ఇంకేం కావాలన్నా, బ్రేకు బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. నాలుగో రోజు దేవరకొండ రోడ్డులో గేదె అడ్డం వచ్చింది. బండి ఆగింది గానీ, గేదె తన దారిన తాను రోడ్డు దాటిపోయాక ఆగింది. మర్నాడు మెకానిక్ బండి వెనక గొంతుక్కూర్చుని కాలి పెడలును వెనక బ్రేకుకు కలిపే బ్రేకు రాడ్డు చివర వేలు పెట్టి చూపించాడు. నట్టు వెనక అంగుళంన్నర మర బయటికి పొడుచుకొచ్చి ఉంది. నట్టు ముందు మాత్రం మర అయిపోయింది. "ఇక బిగించడానికి చోటు లేదన్నా. ఇన్నేళ్లూ బిగిస్తూనే వచ్చారు, విప్పి చూసినవాళ్లు లేరు" అన్నాడు.

"బ్రేకు పట్టడం లేదు" అనేది ఒక్క ఫిర్యాదులా వినిపిస్తుంది గానీ, దాని కింద కనీసం అరడజను వేర్వేరు లోపాలు ఉంటాయి. వాటిలో నట్టు బిగిస్తే నిజంగా పోయేది ఒక్కటే. మిగిలినవి బిగింపు వెనక దాక్కుంటాయి. చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ గురించి ఈమధ్య జరుగుతున్న చర్చతో మరో గందరగోళం కూడా తోడైంది. పాత బండ్ల బ్రేకులన్నీ పనికిరానివనే మాట ఒకవైపు, డిస్క్ ఉంటే చాలు ఇక భయం లేదనే మాట ఇంకోవైపు నడుస్తున్నాయి. అసలు బ్రేకు చేసే పని ఏమిటో చూస్తే ఈ రెండు మాటల బరువు తెలుస్తుంది.

ఆగడం అంటే వేడి పుట్టడం

పరుగెత్తే బండిలో ఉన్న శక్తినంతా రాపిడితో వేడిగా మార్చి గాలిలోకి వదిలేయడమే బ్రేకు పని. బండి, మనిషి కలిపి 180 కిలోలు అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ శక్తి సుమారు 11 వేల జౌళ్లు (శక్తిని కొలిచే ప్రమాణం). 60 కిలోమీటర్లకు వెళ్లేసరికి 25 వేలు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగినా, శక్తి రెండు రెట్లు దాటింది. స్టాండు మీద చేత్తో తిప్పిన చక్రంలో ఉండేది పది ఇరవై జౌళ్లకు మించదు. అమ్మకందారు చూపించే ఆ పరీక్షలో చక్రాన్ని రుద్ది ఆపే బ్రేకు షూలు పూర్తిగా అరిగినా గెలుస్తాయి.

ఇప్పుడు దూరాల లెక్క. పొడి తారు రోడ్డు మీద, మంచి బ్రేకులతో, రెండు బ్రేకులూ కలిపి వాడితే బండి వేగం ప్రతి సెకనుకూ 6 మీటర్లు/సెకను చొప్పున తగ్గుతుందనుకుందాం. బ్రేకు పట్టు సగానికి పడిపోతే అది 3 మీటర్లు. 30 కిలోమీటర్ల వేగంలో మంచి బ్రేకుకు దాదాపు 6 మీటర్లు పడుతుంది, బలహీనమైనదానికి 12. తేడా 6 మీటర్లే కాబట్టి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో తిరిగే మనిషికి లోపం తెలియనే తెలియదు. 60లో అవి 23, 46 మీటర్లు అవుతాయి. ప్రమాదం కనబడి చెయ్యి, కాలు కదిలేలోపు పోయే ఒక్క సెకనులో బండి మరో 17 మీటర్లు వెళ్తుంది. మొత్తం మీద 40 మీటర్లలో ఆగాల్సిన బండి 63 మీటర్లలో ఆగుతుంది. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కాకే పాత బండి అసలు రూపం బయటపడటానికి కారణం ఇదే.

బరువూ ఇంతే. తెల్లవారుజామున రెండు 40 లీటర్ల పాల క్యాన్లు వేలాడదీసుకుని వెళ్లే మనిషి బండి బరువు ఒకటిన్నర రెట్లు అవుతుంది. షూలు రుద్దే బలం మాత్రం పెరగదు. ఖాళీ బండి మీద సరిపోయిన బ్రేకు, క్యాన్లు నిండగానే బలహీనమైన బ్రేకు అయిపోతుంది.

డ్రమ్ము లోపల జరిగేది, బయట కనిపించేది

మన ఊళ్లలో తిరిగే 100, 110 సీసీ బండ్లలో ఎక్కువవాటికి డ్రమ్ము బ్రేకులే. చక్రం మధ్యలో గిన్నెలాంటి డ్రమ్ము ఉంటుంది, అది చక్రంతో పాటు తిరుగుతుంది. దాని లోపల తిరగకుండా కూర్చున్న రెండు అర్ధచంద్రాకారపు ముక్కలు బ్రేకు షూలు. షూల వీపు మీద అతికించి ఉండేది లైనింగు. రెండు షూల మధ్య క్యామ్ అనే చదునైన ఇరుసు నిలబడి ఉంటుంది. కాలి బ్రేకు తొక్కితే రాడ్డు, చేతి బ్రేకు నొక్కితే కేబులు, బయట ఉన్న ఒక చిన్న ఇనుప చేతిని లాగుతాయి. ఆ చెయ్యి క్యామ్‌ను తిప్పుతుంది. క్యామ్ అడ్డం తిరిగి షూలను విడదీస్తుంది, లైనింగు డ్రమ్ముకు రాసుకుంటుంది.

లైనింగు అరిగేకొద్దీ షూలు డ్రమ్మును అందుకోవడానికి ఎక్కువ దూరం కదలాలి. పెడలు ఇంకా కిందికి పోతుంది. నట్టు బిగిస్తే ఆ ఖాళీ తగ్గి పెడలు మళ్లీ పైకి వస్తుంది. సాధారణంగా కాలి పెడలుకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు, చేతి లెవరుకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఆట ఉండాలని బండితో వచ్చే పుస్తకాలు చెబుతాయి. ఆట అంటే బ్రేకు అంటుకోవడం మొదలయ్యేలోపు పెడలు ఉత్తినే కదిలే దూరం. ఆట మాత్రమే పెరిగి, లైనింగు మిగిలి ఉన్న బండికి బిగింపే సరైన వైద్యం.

అసలు చిక్కు కోణంలో ఉంది. స్పానరుతో గట్టి నట్టు విప్పేటప్పుడు పిడికి అడ్డంగా లాగితేనే బలం దక్కుతుంది. ఏటవాలుగా లాగితే సగం వృథా. క్యామ్ చెయ్యీ అంతే. బ్రేకు అంటుకునే సమయానికి రాడ్డుకూ ఆ చేతికీ మధ్య దాదాపు లంబకోణం ఉంటే లాగిన బలమంతా తిప్పడానికి పనికొస్తుంది. షూలు అరిగిన బండిలో చెయ్యి ముందుకు వాలిపోయి కోణం 135 డిగ్రీలకు చేరిందనుకుందాం. అప్పుడు 10 కిలోల లాగుడులో 7 కిలోలే క్యామ్‌కు అందుతుంది. పెడలు ఎత్తు బాగానే ఉంటుంది, ఆట సరిగ్గానే ఉంటుంది, బ్రేకు మాత్రం పట్టదు. నట్టు ఎంత బిగించినా ఈ నష్టం తిరిగిరాదు.

దీన్ని విప్పకుండానే పట్టిచ్చే గుర్తు ఒకటి చాలా బండ్లకు ఉంటుంది. క్యామ్ చేతి మొదట్లో పల్చని రేకుతో చేసిన బాణం, దాని పక్కనే డ్రమ్మును మూసే బ్రేకు పలక మీద పోత పోసిన ఒక గీత. పెడలు గట్టిగా తొక్కి పట్టినప్పుడు బాణం ఆ గీతను తాకితే లైనింగు ఆయుష్షు అయిపోయినట్టే. బురద, గ్రీజు పేరుకుని ఈ బాణం కనబడదు; గుడ్డతో తుడిస్తే బయటపడుతుంది. మా ఇంట్లో పదేళ్లు ఒకే బండి నడిపిన మనిషికి కూడా ఆ బాణం అక్కడ ఉందని తెలియదు.

ఇక్కడే ఒక పాత కిటుకు చెప్పుకోవాలి. మర అయిపోయిన బండికి కొందరు క్యామ్ చేతిని ఊడదీసి, దాని లోపలి పళ్లలో ఒకటి రెండు పళ్లు వెనక్కి జరిపి మళ్లీ బిగిస్తారు. కోణం తిరిగి లంబమవుతుంది, మర మళ్లీ దొరుకుతుంది, బ్రేకు వారం పది రోజులు భేషుగ్గా పడుతుంది. లోపల మాత్రం క్యామ్ ఇప్పటికే చాలా దూరం తిరిగి ఉంది. ఇంకొంచెం అరిగితే అది పూర్తిగా అడ్డం తిరిగి షూలను విడిచిపెట్టకుండా బిగుసుకుపోవచ్చు, చక్రం నడిరోడ్డు మీద పట్టేయవచ్చు. చాలా కంపెనీల బండ్లలో బాణం రేకుకు ఒక వెడల్పాటి పన్ను ఉండి, అది క్యామ్ మీద ఒక్క చోటే కూర్చుంటుంది. అందువల్ల చేతిని జరిపినా బాణం అబద్ధమాడదు. పాత బండిలో ఆ రేకే కనిపించకపోతే అనుమానించాల్సిందే.

లెవరు మెత్తగా ఉంటే ఒక లోపం, గట్టిగా ఉంటే ఇంకొకటి

డిస్క్ బ్రేకులో చక్రంతో పాటు తిరిగే లోహపు బిళ్లే డిస్క్; రాడ్డు, కేబులు స్థానంలో ద్రవం ఉంటుంది. లెవరు నొక్కితే హ్యాండిల్ మీది మాస్టర్ సిలిండర్ ఆ ద్రవాన్ని గొట్టంలోకి తోస్తుంది, అది కింద డిస్క్‌ను ఇరువైపులా పట్టుకుని ఉండే కాలిపర్‌లోని పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ రెండు ప్యాడ్లను డిస్క్‌కు అదుముతుంది. ద్రవం నొక్కుకుపోదు కాబట్టి వేలి బలం నేరుగా అక్కడికి చేరుతుంది. గాలి నొక్కుకుపోతుంది. గొట్టంలో గాలి బుడగ చేరితే లెవరు రబ్బరు బంతిని నొక్కినట్టు మెత్తగా ఉంటుంది. రెండు మూడు సార్లు గబగబా నొక్కితే కాస్త గట్టిపడుతుంది. గాలి తీసే పనినే మెకానిక్‌లు బ్లీడింగ్ అంటారు.

లెవరు నొక్కి పట్టుకుంటే మొదట గట్టిగా ఉండి, తర్వాత మెల్లగా హ్యాండిల్ వైపు జారిపోవడం వేరే లోపం. అది మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు లీకవుతున్న గుర్తు. బ్లీడింగ్ ఎన్నిసార్లు చేయించినా అది పోదు. మూడోది అందరినీ తికమకపెట్టేది: లెవరు రాయిలా గట్టిగా ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ద్రవం తన పని చేస్తోంది; ప్యాడ్ల మీద నూనె పడి ఉంటుంది, లేదా అవి మాడి అద్దంలా నున్నబడి ఉంటాయి, లేదా పిస్టన్ తుప్పుతో పట్టేసి ఉంటుంది. ఒక ప్యాడ్ బాగా అరిగి రెండోది నిండుగా ఉంటే కాలిపర్ జారాల్సిన పిన్నులు ఎండిపోయాయని అర్థం. బ్రేకు వేసినప్పుడల్లా లెవరు వేళ్ల కింద కొట్టుకుంటే డిస్క్ వంగి ఉంటుంది. డిస్క్ ఎంత పల్చబడవచ్చో కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది.

బ్రేకు ఆయిల్ అని పిలుస్తాం గానీ మన బండ్లలో ఉండేది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. దాని గుణమే గాలిలోని తేమను పీల్చుకోవడం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలు. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. పాత బండిలో మాస్టర్ సిలిండర్ అద్దపు కిటికీలోంచి కనబడే ద్రవం తేనె రంగు దాటి టీ డికాషన్‌లా ఉంటే అది ఎప్పటిదో ఊహించుకోవచ్చు. ఇంజిన్ ఆయిల్ కొంచెం పోస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. అది లోపలి రబ్బర్లను ఉబ్బించి బ్రేకు వ్యవస్థ మొత్తాన్ని పాడుచేస్తుంది.

చెలక దుమ్ము, మడి నీళ్లు, సర్వీసింగ్ డీజిలు

మహబూబ్‌నగర్ వైపు ఎర్రచెలకల దుమ్ము, క్రషర్ల దగ్గరి రాతి పొడి డ్రమ్ములో చేరి లైనింగును గరుకు కాగితంలా గీరుతాయి. కీచుమనే చప్పుడు చాలాసార్లు వీటిదే. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో సమస్య నీళ్లు. కాలువ గట్టు దిగి మడిలోంచి వచ్చిన బండికి డ్రమ్ములో నీళ్లు చేరి కాసేపు బ్రేకు పట్టదు. మెల్లగా పోతూ నాలుగుసార్లు తొక్కితే వేడికి ఆరి పట్టు తిరిగొస్తుంది. అలా తిరిగొస్తే అది లోపం కాదు. రాకపోతే, చక్రం బేరింగు సీలు పోయి గ్రీజు కరిగి లోపలికి దిగుతోందేమో చూడాలి.

అన్నింటికంటే చిత్రమైనది వాటర్ సర్వీసింగ్. కడిగాక మెరుపు కోసం బండి అంతా డీజిలు పిచికారీ చేస్తారు. అది డిస్క్ మీద ఒక్క పొర పడినా ప్యాడ్లు పీల్చుకుంటాయి. చైనుకు కొట్టే స్ప్రే, ముందు ఫోర్కు సీలు లీకై కారే నూనె కూడా అంతే చేస్తాయి. అమ్మకానికి తళతళలాడించి నిలబెట్టిన బండికి బ్రేకు పట్టకపోవడం వెనక కొన్నిసార్లు ఈ మెరుపే ఉంటుంది.

శ్రీశైలం ఘాటులో పైన ఉన్న బ్రేకు కింద ఎందుకు ఉండదు

మన్ననూరు, దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే దారిలో చాలామందికి ఎదురయ్యే అనుభవం ఇది: మొదటి మలుపుల్లో బాగున్న బ్రేకు సగం దిగేసరికి మెత్తబడుతుంది. ఇద్దరు మనుషులతో బండి 250 కిలోలు, దిగే ఎత్తు 300 మీటర్లు అనుకుందాం. వేగం పెరగకుండా దిగాలంటే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 7 లక్షల 35 వేల జౌళ్లు. అదే బండిని 60 వేగం నుంచి ఒక్కసారి ఆపడానికి 35 వేలు చాలు. అంటే ఘాటు దిగడం వరుసగా ఇరవై ఒక్క సార్లు పూర్తిగా ఆపడంతో సమానం, మధ్యలో చల్లారే తీరిక లేకుండా.

వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, లైనింగు రాపిడి తగ్గుతుంది. డిస్క్ బండిలో పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. లెవరు ఒక్కసారిగా హ్యాండిల్‌కు అంటుకుంటుంది. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగుల్చుకుంటున్నామనుకునేవారు ఈ భారమంతా బ్రేకుల మీదే వేస్తున్నారు. రెండో గేరులో దిగితే అందులో పెద్ద వాటా ఇంజిన్ తీసుకుంటుంది. కింద ఆగి చల్లారాక బ్రేకు మామూలుగా పనిచేస్తుంది కాబట్టి మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి లోపం కనబడదు.

తెగని వాదాలు

షూలను ఎమ్రీ కాగితంతో రుద్దితే చాలా, మార్చాలా? రుద్దడం తప్పేమీ కాదు. లైనింగు మందం ఉండి, పైపొర మాత్రమే నున్నబడి ఉంటే అది నిజమైన మరమ్మతే. లైనింగు పల్చబడినా, నూనె తాగినా రుద్దడం వల్ల దక్కేది కొన్ని రోజులే. ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడం మాత్రం మంచిది కాదు. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్‌బెస్టాస్ ఉండే వీలుంది.

ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామనే భయం రెండో వాదం. నిజానికి గట్టిగా ఆపేటప్పుడు బరువు ముందుకు వాలి, ఆపే పనిలో పెద్ద భాగం ముందు చక్రమే చేస్తుంది. కాలి బ్రేకు ఒక్కటే వాడే మనిషి మంచి బ్రేకులు ఉన్న బండిని కూడా సగం బ్రేకుతోనే నడుపుతున్నట్టు. చాలా పాత బండ్లలో వెనక షూలు పూర్తిగా అరిగి, ముందువి కొత్తవాటిలా ఉండటానికి కారణం ఈ భయమే. అయితే భయానికీ ఆధారం ఉంది. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద, మలుపులో పరుచుకున్న ఇసుక మీద ముందు చక్రం పట్టేస్తే మనిషిని నిలబెట్టడం కష్టం. పొడి తారు రోడ్డు మీద ఒక మాట సరి, వడ్ల మీద ఇంకో మాట సరి. టైరు అరిగి ఉంటే ఏ రోడ్డూ తారు రోడ్డు కాదు. నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి.

డ్రమ్ము తీసి డిస్క్ పెట్టించుకోవడం మూడోది. దానికి ఫోర్కు, హబ్బు, ఇరుసు, మాస్టర్ సిలిండర్ అన్నీ మారాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు కాబట్టి ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కు రావచ్చు. ఆ డబ్బులో నాలుగో వంతుతో ఉన్న డ్రమ్మునే కొత్తదానిలా చేయించవచ్చని నా అభిప్రాయం.

ఏబీఎస్ సంగతి. 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకు, 2019 ఏప్రిల్ 1 నుంచి మిగతా కొత్త బండ్లకు 125 సీసీ దాటితే ఏబీఎస్, ఆ లోపు అయితే కనీసం సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పట్టే ఏర్పాటు) తప్పనిసరి అయింది. అన్ని కొత్త బండ్లకూ ఏబీఎస్ ఉండాలంటూ 2025 జూన్‌లో కేంద్రం ముసాయిదా విడుదల చేసింది. ఈ మాటలన్నీ కొత్తగా తయారయ్యే బండ్ల గురించే. పైగా ఏబీఎస్ బ్రేకును బలపరచదు. చక్రం పట్టేయబోయినప్పుడు క్షణం పాటు వదిలి మళ్లీ పట్టిస్తుంది. చక్రాన్ని పట్టేయించే బలమే లేని అరిగిన ప్యాడ్ల మీద అది చేయగలిగేది ఏమీ లేదు. సీబీఎస్ ఉన్న బండిలో కాలి బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత అంటుకుంటుంది. ఇందులో రెండు చోట్ల బిగింపు ఉంటుంది. వెనక నట్టు ఒక్కటే బిగిస్తే ముందు వాటా ఆలస్యమైపోతుంది. బ్రేకు బిగించిన మర్నాడే పట్టు తగ్గిందనే ఫిర్యాదు కొన్నిసార్లు ఇక్కడే పుడుతుంది.

మళ్లీ ఆ ఏపీ 24 బండి

మెకానిక్ వెనక చక్రం విప్పాడు. షూల మీద లైనింగు బీడీ ఆకు మందాన మిగిలి ఉంది. క్యామ్ ఎండిపోయి తుప్పు పట్టి ఉంది. దాన్ని తీసి తుడిచి, పలచగా గ్రీజు రాశాడు. డ్రమ్ము లోపలి కొలత వెర్నియర్‌తో చూస్తే 130.6 మిల్లీమీటర్లు వచ్చింది. అసలు కొలత 130, హద్దు 131 అని డ్రమ్ము మీదే పోత పోసి ఉంది. కాబట్టి డ్రమ్ము ఉంచి షూలు మాత్రం మార్చాడు. మొదటి రెండు రోజులు బ్రేకు నేను అనుకున్నంత పట్టలేదు. అరిగి వెడల్పయిన డ్రమ్ములో కొత్త షూ మధ్య భాగమే ముందు తగులుతుందట, అంచులు కూడా ఒదగడానికి కొన్ని పదుల కిలోమీటర్లు పడుతుందట. వారానికి ఒదిగింది. నట్టు వెనక మర ఇప్పుడు గోరంత బయటికి కనబడుతుంది. వాననీళ్లు పడే రోజుల్లో బండి తుడిచేటప్పుడు నేను మొదట చూసేది దాన్నే.